హాబ్స్ ఎండ్‌ను మళ్లీ తవ్వేవాళ్లకు

మొన్న ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టి ‘క్వాటర్‌మాస్ అండ్ ది పిట్’ చూపించాను. 1967లో బ్రిటన్‌లో హ్యామర్ వాళ్లు తీసిన సినిమా. అంగారకుడి మీద మిడతల్లాంటి జీవులు ఒకదాన్నొకటి చంపుకునే ఘట్టం రాగానే, ‘‘ఏంట్రా, తోలుబొమ్మలాటా ఇది?’’ అని పకపకా నవ్వాడు. ఆ ఒక్కచోట బొమ్మలు బొమ్మల్లాగే ఉన్నాయి, కాదనను. అంతమాత్రానికే సినిమా మొత్తాన్ని పాత సామాన్లలో పడేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది.

లండన్‌లో హాబ్స్ ఎండ్ అనే భూగర్భ రైలు స్టేషన్ తవ్వుతుంటే పుర్రెలు బయటపడతాయి. వాటి వెనకే ఏదో వాహనం. జర్మన్ల బాంబేనని సైన్యం తేల్చేస్తుంది. ప్రొఫెసర్ క్వాటర్‌మాస్ నమ్మడు. ఆ వీధి పేరు పలక చూస్తాడు. కొత్త పలకలో రెండు ‘బీ’లు, పాత పలకలో ఒకటే. ‘హాబ్’ అంటే పూర్వం ఇంగ్లండ్‌లో సైతానుకి వాడుక పేరు. ఒక్క అక్షరంతో ఒళ్లు జలదరింపజేశారు! 50 లక్షల ఏళ్ల కిందట అంగారక జీవులొచ్చి మన పూర్వీకుల బుర్రలు మార్చేశాయనీ, తన గుంపువాడు కానివాణ్ణి చంపాలనే కసి మనకు అక్కణ్ణుంచే వచ్చిందనీ మెల్లగా తెలుస్తుంది.

ఇది రాసిన నైజెల్ నీల్ పేరు ఎంతమందికి తెలుసు? 1958 డిసెంబరులో బీబీసీ సీరియల్‌గా వచ్చిన కథ ఇది. ఆ వేసవిలోనే నాటింగ్ హిల్‌లో తెల్లకుర్రాళ్లు కరీబియన్ వలసదారుల మీద పడి కొట్టారు. ఆ కాలపు మంట ఈ కథలో ఉంది. 1953 నాటి తొలి క్వాటర్‌మాస్ సీరియల్ గతి మరీ ఘోరం. లైవ్‌గా వేసిన ఆరు భాగాల్లో నేడు మిగిలినవి రెండే. దర్శకుడు జాన్ కార్పెంటర్ 1987లో ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ రాసి, మార్టిన్ క్వాటర్‌మాస్ అని పేరు వేసుకున్నాడు. ఆయనకు దక్కిన కీర్తిలో నీల్‌కి పిసరంత కూడా దక్కలేదు.

ఇలాంటి సినిమాల్ని రీమేక్ చేస్తారంటే నాకు భయం. 1960 నాటి ‘విలేజ్ ఆఫ్ ది డ్యామ్డ్’ని ఆ కార్పెంటరే 1995లో కాలిఫోర్నియాకి తరలించాడు. పాత సినిమాలో హీరో తన సంచిలోని బాంబు సంగతి మనసులు చదివే పిల్లలకు తెలియకుండా మనసులో ఇటుక గోడనే తలుచుకుంటూ నిలబడతాడు. వాళ్ల చూపుకి ఆ గోడ ఇటుక ఇటుకగా రాలిపోతుంటుంది. చూస్తున్న మనం ఊపిరి బిగబడతాం. ఆ బిగువు కొత్తదాంట్లో నాకు కనిపించలేదు. 2005లో బీబీసీ ‘క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ని మళ్లీ లైవ్‌గానే వేసింది. అదీ పెద్దల పట్ల మర్యాదంటే.

హాబ్స్ ఎండ్‌ని మళ్లీ తీస్తారా, తీయండి. ఆ మిడతల్ని బాగుచేయండి, సంతోషిస్తాను. చివరి దృశ్యం జోలికి మాత్రం వెళ్లకండి. క్వాటర్‌మాస్ తోటి శాస్త్రవేత్త రోనీ, క్రేన్‌తో సహా, ఊరి మీద లేచిన వెలుగు భూతం మీదికి ఒరిగి, తన ప్రాణం ఇచ్చి ఊరిని కాపాడతాడు. ఆ తర్వాత శిథిలాల్లో క్వాటర్‌మాస్, రోనీ సహాయకురాలు బార్బరా ఇద్దరే. గెలిచామన్న సంబరం లేదు, ఒక్క మాట లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. తెరమీద పేర్లు పడుతున్నా వాళ్లు అక్కడే ఉంటారు.

మా మిత్రుడు అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.