గుట్ట ఎక్కే సైకిలు

ఈ వారం పొయ్యి కట్టేసి కాసేపు బయటికి రండి, సైకిలు గురించి మాట్లాడుకుందాం. "ఈ వయసులో సైకిలేంది వదినా" అని నవ్వేవాళ్ళను నవ్వనీయండి. పదో తరగతి దాకా సైకిలు మీద బడికి పోయి, పెళ్ళయ్యాక మళ్ళీ హ్యాండిలు ముట్టని వాళ్ళు మనలో ఎంతమంది లేరు? నేనూ వాళ్ళలో ఒకదాన్నే. పిల్లల కోసం కొన్న గేర్ల సైకిలు వరండాలో ఊరికే పడి ఉంటే, ఏడాదిగా పొద్దున పూట నేనే తొక్కుతున్నాను. ఒళ్ళు తగ్గిందా అని అడగకండి, అది వేరే సంగతి. కూరగాయలకో బ్యాంకుకో పోవాలంటే "ఎవరన్నా దింపుతారా" అని మా ఆయన మొహం, మా అబ్బాయి మొహం చూడడం మాత్రం తగ్గింది.

మా ఆర్మూరు పసుపుకు పేరు. ఊరికి ఆనుకుని గుట్టలూ ఉన్నాయి. నవనాథ సిద్ధులగుట్టను చూసినవాళ్ళకు తెలుస్తుంది, బండరాళ్ళు ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వానాకాలం చివర్లో చేలల్లో పసుపు ఆకు నడుముల దాకా పెరిగి పచ్చగా ఊగుతుంటే, మాఘమాసానికి తవ్విన కొమ్ములు ఉడకబెట్టే వాసన ఊరి పొలిమేరలోనే తగులుతుంది. ఇవన్నీ బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. సైకిలు మీద పోతేనే తెలిసింది, చదునుగా ఉందనుకున్న రోడ్డు నిజానికి ఎక్కుతోందని! మోటారు బండి మీద పోయేవాళ్ళకు కనిపించని ఎత్తు మన పిక్కలకు తెలుస్తుంది.

ఆ ఎత్తు లెక్క చెప్తాను, భయపడకండి, ఇంటర్ చదివిన నాకే అర్థమైంది. వంద మీటర్లు ముందుకు పోయేసరికి అయిదు మీటర్లు పైకి ఎక్కితే దాన్ని 5 శాతం ఎత్తు అంటారు. మీరూ సైకిలూ కలిపి 75 కిలోలు ఉన్నారనుకోండి. ఆ ఎత్తు మీద దాదాపు నాలుగు కిలోల బరువు మిమ్మల్ని వెనక్కి గుంజుతున్నట్టు లెక్క. నాలుగు కిలోల బియ్యం సంచి చేత్తో పట్టుకుని నడవడం కష్టమేం కాదు, కానీ ఆగకుండా అరగంట పట్టుకోవాలంటేనే కష్టం. ఫ్రాన్సు దేశం దక్షిణాన ప్రోవాన్స్ ప్రాంతంలో మోన్ వాంటూ అని 1,900 మీటర్లు దాటిన కొండ ఉంది. బెదువాన్ అనే ఊరి నుంచి ఎక్కితే మొదట ద్రాక్షతోటలు, తర్వాత అడవి, చివరికి చెట్టన్నది లేని తెల్లటి రాళ్ళ నేల. మొత్తం 21 కిలోమీటర్లు, సగటున 7 శాతం పైనే ఎత్తు. సైకిలు పందేల వాళ్ళు దాన్ని తొక్కుకుంటూ ఎక్కుతారు. ఆ దేశపు పెద్ద పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను ఆడవాళ్ళకు 2022లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఏడు గెలిచింది నెదర్లాండ్స్‌కు చెందిన అన్నెమీక్ వాన్ ఫ్లూటెన్. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు! ఆమెతో మనకు పోలికేంటి అంటారా? పోలిక లేదు. వయసు మాటెత్తేవాళ్ళకు చెప్పడానికి పనికొస్తుందని రాశాను.

ఇక గేర్లు. సైకిలు షాపతను 21 గేర్లు అనగానే తల తిరుగుతుంది. నిజానికి పెడల్ దగ్గర మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు, మూడేళ్ళు ఇరవై ఒకటి, అంతే. ఎడమ చేతి మీట ముందు చక్రాలకు, కుడి చేతిది వెనక వాటికి. మెట్లెక్కేటప్పుడు రెండేసి ఎక్కితే త్వరగా పోతాం, మోకాళ్ళు పోతాయి. ఒక్కొక్కటే ఎక్కితే ఆలస్యం, కానీ ఆయాసం లేదు. గేరు చేసే పనీ అదే. ఎత్తు వస్తే ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం పెట్టుకోండి. కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి, ఒక్కో తొక్కుకూ బలం తక్కువ పడుతుంది. అయితే ఎత్తు మొదలవకముందే మార్చాలి. సగం ఎక్కాక గట్టిగా తొక్కుతూ మారిస్తే చైను పట్టుక్కున ఊడుతుంది, చేతులు నల్లగా అవుతాయి. గేర్లు లేని సైకిలైతే దిగి తోసుకుంటూ పోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు సీటు ఎత్తు చూసుకోవాలి. చాలామంది కాలు నేలకు పూర్తిగా ఆనాలని సీటు కిందికి దించుకుంటారు, మోకాలు మడత పడీ పడీ నొప్పి అక్కడే మొదలవుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగే ఉంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుతో ఒక మాట చెప్పండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు కొంగున ఇంత చక్కెర కట్టుకోండి.

కొంగంటే గుర్తొచ్చింది. చీరతో తొక్కలేమా? తొక్కొచ్చు, ముందు కడ్డీ లేని సైకిలు అయి, వెనక చక్రానికి జాలీ, చైనుకు కవరు ఉంటే. కొంగు నడుముకు చెక్కాలి. సల్వారు అయితే చున్నీని వీపు వెనక ముడి వేయండి, వేలాడే చున్నీ చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. ఏ పిడి ఏ చక్రానికి బ్రేకో ముందే చూసుకోండి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే ముందుకు బోర్లా పడతాం. రెండూ కలిపి మెల్లగా, విడిచి విడిచి నొక్కాలి. మా వైపు ఇంకో గండం ఉంది. కోతల కాలంలో రోడ్డు మీదే మక్కలు ఆరబోస్తారు. గింజల మీద టైరు సబ్బు మీద కాలు పడ్డట్టే జారుతుంది. ఇక 44వ నంబరు హైవే, 63వ నంబరు హైవే మా ఊరి మీదుగా పోతాయి, వాటి మీద లారీలే లారీలు. వాటి జోలికి పోకుండా ఊరూరికీ వేసిన లోపలి రోడ్లు చూసుకోండి.

జనం మాట ఎలా అంటారా? మొదట్లో మా అత్తమ్మ, "అందరు చూస్తరు బిడ్డా" అన్నది. నేను గొడవ పెట్టుకోలేదు, కూర్చుని పుదుక్కోట్టై సంగతి చెప్పాను. తమిళనాడులో ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాలు నేర్పే ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆడవాళ్ళకు సైకిలు నేర్పడం కూడా అందులో కలిపింది, సైకిళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించింది. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మంది ఆడవాళ్ళు సైకిళ్ళ మీద పుదుక్కోట్టై పట్టణంలోకి వచ్చారు. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని జర్నలిస్టు పి.సాయినాథ్ రాశారు. కూలికి పోయేవాళ్ళు, క్వారీలో పనిచేసేవాళ్ళు, సరుకు అమ్ముకునేవాళ్ళు అందరూ ఉన్నారు. కొందరైతే మగవాళ్ళ సైకిలే కావాలన్నారట, ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని! అత్తమ్మ అంతా విని ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే, "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకరా" అన్నది.

ఎండ మాటకొస్తే నేను గట్టిగా చెప్తాను. ఆ మోన్ వాంటూ కొండ మీదే 1967 జులైలో టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు పందెగాడు శిఖరానికి కొంచెం దూరంలో కూలిపోయి చనిపోయాడు. మండే ఎండ, అలసట, పైగా తీసుకున్న ఉత్తేజపు మందులు. అంత ఆరితేరిన మనిషికే అలా అయితే, మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే మన జిల్లాలో మనమెంత? ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. సీసాలో నీళ్ళు, ఉప్పు, నిమ్మరసం, ఇంత చక్కెర కలిపి పెట్టుకుని దాహం వేయకముందే గుక్క గుక్క తాగండి. పక్క మనిషితో మాట్లాడుతూ తొక్కగలిగే వేగమే మన వేగం. మాట ఆగిపోతే గేరు తగ్గించండి.

పడితే? మోకాలు చెక్కుకుపోతే పరుగెత్తుకుంటూ వచ్చి పసుపు అద్దుతారు. పసుపు ఊరి దాన్నయి ఉండీ చెప్తున్నాను, ముందు సబ్బు, నీళ్ళతో మట్టి, ఇసుక అంతా కడగాలి, టెటనస్ సూది వేయించుకోవాలి. డబ్బాలో పసుపు కూరకు ఉంచండి.

పరగడుపున తొక్కితే కళ్ళు తిరుగుతాయి, అందుకే ఇవి చేసి పెట్టుకోండి. ఒక కప్పు పల్లీలు వేయించి పొట్టు తీయండి. అర కప్పు నువ్వులు దోరగా వేయించండి. రెండూ బరకగా దంచి, ముప్పావు కప్పు తరిగిన బెల్లం, రెండు యాలకులు వేసి మళ్ళీ దంచితే పల్లీ నూనెకే ముద్ద కడుతుంది, నెయ్యి అక్కర్లేదు. నిమ్మకాయంత ఉండలు చేసి డబ్బాలో పెట్టండి, పది రోజులు నిలవుంటాయి. బయల్దేరేముందు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి. డబ్బా మాత్రం పిల్లలకు అందని చోట పెట్టాలి సుమా.