బాయి చూడనీకి వచ్చేటోళ్లు

“ఏం జూస్తరు బిడ్డా, చీకటే గదా!” బాయిలు, అంటే బొగ్గుగనులు, చూపించడానికి హైదరాబాద్ నుంచి బస్సు పెట్టారని చెబితే, మా గల్లీలోని రిటైర్డ్ కార్మికుడు ఒకాయన అన్న మాట ఇది. మస్టర్ (హాజరు) పడితేనే జీతమని మూడు షిఫ్టుల్లో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. గోదావరిఖనికి టూరిస్టులా అని ఆయన చాలాసేపు నవ్వాడు.

2022 డిసెంబరులో ఆర్టీసీ, సింగరేణి బొగ్గుగనుల సంస్థ కలిసి ‘సింగరేణి దర్శన్’ అనే ఈ బస్సు యాత్ర మొదలుపెట్టాయి. అదే ఏడాది మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. బయటివాళ్లకు మొదటిది వార్త. మా దగ్గర రెండోదే ముందు గుర్తొస్తుంది. అంతకు ముందు 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి పదిహేడు మంది పోయారు. అలాంటి నేల కిందికి టికెట్ కొనుక్కుని దిగడమేమిటని ఎవరైనా ముఖం చిట్లిస్తే తప్పు పట్టలేను.

నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని దగ్గర నా అభ్యంతరం వేరు. గట్టు మీద నిలబడి చూస్తే వంద టన్నుల డంపర్లు పిల్లల బొమ్మల్లా కనిపిస్తాయి. చూసినవాళ్లు “అబ్బ!” అంటారు, ఫొటో దిగుతారు. ఆ గుంత ఉన్నచోట ఒకప్పుడు పొలాలున్నాయని, ఊళ్లు లేచిపోయాయని, బ్లాస్టింగ్ అయినప్పుడల్లా పక్క ఊళ్లో గోడలు అదురుతాయని గట్టు మీద నిలబడితే తెలియదు. దూరం నుంచి ఏదైనా అందంగానే ఉంటుంది, మట్టిగుట్టలతో సహా.

అయినా బస్సు ఆపేయమని అనలేను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. ఒక్కో ఇంక్లైన్ గని మూతపడుతూ వస్తోంది. 1889లో ఇల్లందులో మొదలైన ఈ పని ఎలా సాగిందో చేతులతో చూపించగలిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది, ఎక్కువ కాలం ఉండదు. వేల్స్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడితే 1983లో సందర్శకులకు తెరిచారు. తలకు దీపం పెట్టి, మూడు వందల అడుగుల కిందికి దింపి, అక్కడ పనిచేసినవాళ్లే దారి చూపించారు. మనకు దగ్గర్లో, నాగపూర్ పక్కన సావనేర్‌లోనూ గని చూపిస్తున్నారు.

దిగడంలో ఉన్న విలువ పైనుంచి చూడడంలో లేదు. బాయి నోటి దగ్గరే జేబులు తడుముతారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోన్ అన్నీ బయటే. టోపీ లైటు పెట్టుకుని లోపలికి పోయాక అందరూ ఒక్క నిమిషం లైట్లు ఆర్పేస్తే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. అప్పుడు పాత మైనింగ్ సర్దార్ ఒకరు కర్రతో పైకప్పు మీద కొట్టి చూపించాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. లోపల పొర విడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య తేడా పట్టుకోవడం మీదే బతుకంతా ఆధారపడిందని ఏ మ్యూజియం పలక మీద రాసినా చదివినవాడి ఒంటికి ఎక్కదు. ఒక్కసారి చెవితో వింటే చాలు.

కాబట్టి నా లెక్కలో బాయికి రావచ్చు. గోదావరికి మాత్రం, ముఖ్యంగా శివ్వారం మొసళ్ల అభయారణ్యం వైపు, గుంపుగా రాకపోతేనే మేలు. బొగ్గుగనులకు ఇంత దగ్గర్లో రెండు గుట్టల మధ్య నిశ్చలంగా నిలిచే నీళ్లు, ఎల్ మడుగు, చూసినవాళ్లకు బోటెక్కాలనే అనిపిస్తుంది. చిక్కంతా కాలంతో. మనకు షికారుకు హాయిగా ఉండే చలికాలమే మొసలి ఒడ్డుకొచ్చి ఎండ కాగే కాలం. ఎండలు ముదిరేలోపు ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. బాయి ఎప్పుడో చెదిరింది, ఇంకో నలభై మంది వచ్చిపోతే దానికి పోయేదేమీ లేదు. మడుగు అలా కాదు. కరీబియన్‌లోని బొనైర్ దీవిలో పగడపు దిబ్బలు చూడడానికి సముద్రంలోకి దిగేవాళ్లు ముందు రుసుము కట్టాలి, ఆ డబ్బు 1979లో పెట్టిన మెరైన్ పార్కు సంరక్షణకు పోతుంది. ఇక్కడ అంత కట్టుబాటు వచ్చేదాకా మొసళ్ల జోలికి పోవద్దు.

జాతర మాట వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర ఎవరు మొక్కుకోవడానికి వచ్చారో, ఎవరు చూడడానికి వచ్చారో అడిగేవాళ్లుండరు. బెల్లం తూకం వేసి మొక్కు చెల్లిస్తే అందరికీ అది బంగారమే.

మిగిలింది డబ్బు సంగతి. బస్సు హైదరాబాద్‌లో బయల్దేరి హైదరాబాద్‌కే పోతే ఖనిలో మిగిలేది చాయ్ పైసలు. చూపించే పని రిటైర్డ్ కార్మికులకు, మూసేసిన బాయిల కాలనీల పిల్లలకు ఇస్తే అప్పుడు లెక్క మారుతుంది. మా గల్లీ పెద్దాయన్ని మళ్లీ అడిగాను, నువ్వే చూపిస్తావా అని. ఈసారి నవ్వలేదు. బీడీ పక్కన పెట్టి అడిగాడు.

“మస్టర్ వడుతదా మరి?”