పేరుకి పెట్టే పైసా వేరు, మాల్‌కి పెట్టే పైసా వేరు



"పాత జమానా మాలే అస్లీ, ఇప్పుడొచ్చేదంతా నఖ్లీ" అని మన ఇళ్లలో తెగ ఇష్టంగా అంటుంటాం. మిక్సీ గురించి అంటాం, కుట్టుమిషన్ గురించి అంటాం. పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ అడిగితే దాని గురించీ అదే మాట. ఈ మాట వల్ల ఫాయిదా ఎవరికంటే దుకాణందారుకి. "సస్తాది కచ్రా భాయ్, కొంటే అమెరికాదే కొనాలి" అంటాడు. అబ్బా దగ్గర అంత రఖమ్ ఉండదు. కిస్తులు మొదలవుతాయి, వాటి వెనకే సూద్ వస్తుంది. సూద్ హరామ్ అని జుమ్మా ఖుత్బాలో విని వచ్చిన ఇంట్లోకే, గిటార్ తల మీద రాసిన ఒక పేరు కోసం సూద్ దూరుతుంది. అందుకే ఇది రాస్తున్నా.

మౌసీఖీ జాయజా, నాజాయజా అన్న బహస్ ఉలమాది, దాన్ని వారికే వదిలేస్తున్నా. కొనాలని ఫైసలా అయిపోయిన ఇళ్లతోనే నా మాట. నా దావా ఒక్కటే: గిటార్ కీమత్ చూసి దాని మెయార్ చెప్పలేం. డెబ్బై ఏళ్ల తవారీఖ్ దీనికి గవాహీ.

1954లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌ని బజార్‌లోకి తెచ్చాడు. ట్రెమోలో ఉన్నదాని కీమత్ 249 డాలర్ల 50 సెంట్లు. పెట్టెకి వేరే పైసలు. అక్కడి కార్ఖానా మజ్దూర్‌కి అప్పట్లో సగటున గంటకి రెండు డాలర్లు కూడా వచ్చేవి కావు. అంటే మూడు వారాలకు పైగా పడ్డ కష్టమంతా పోస్తే ఒక గిటార్. ఆ రఖమ్ ఇవాళ్టి లెక్కలో 2,900 డాలర్లకు దగ్గర. ఇవాళ అమెరికాలోనే తయారైన స్ట్రాటోకాస్టర్ 2,000 డాలర్లలోపు దొరుకుతోంది. అదే కంపెనీ స్క్వైర్ పేరుతో ఇండోనేషియాలో, చైనాలో చేయించేది 250, 300 డాలర్లకే వస్తోంది. అంటే చీటీ మీద అంకె దాదాపు అదే ఉంది, డాలర్ విలువ మాత్రం పదో వంతు కూడా మిగల్లేదు. మన దేశంలో దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి మోత పెరుగుతుంది, నిజమే. అయినా కొత్తగా నేర్చుకునే పిల్లాడికి పనికొచ్చే గిటార్ ఇంత సస్తాగా ఎన్నడూ లేదు.

"సస్తా అయింది కాబట్టి ఖరాబు అయింది" అంటారా? అయితే పేరు అలాగే ఉండి మాల్ ఖరాబైన కథ వినండి. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్‌కి 1 కోటీ 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. పేరు మారలేదు, కానీ కొన్నేళ్లకి పని మారింది. 1971 చివర్లో స్ట్రాటోకాస్టర్ నెక్‌ని పట్టుకునే నాలుగు స్క్రూల జాగాలో మూడే పెట్టారు. నెక్ కూర్చునే గాడి వదులుగా కోసిన గిటార్లు బయటికొచ్చాయి. నెక్ కదులుతోందని, బరువెక్కువైందని వాయించేవాళ్లు మొత్తుకున్నారు. చివరికి 1985లో సీబీఎస్ ఆ కంపెనీని అందులో పనిచేసేవాళ్లకే అమ్మేసి పోయింది.

బజార్‌లో ధాన్యం కుప్పలోకి చెయ్యి పెట్టి, లోపలి తడిని పట్టుకుని వ్యాపారిని నిలదీసిన మన రసూల్ (స) వాఖియా పిల్లలకి చెబుతాం కదా. గిటార్ దుకాణంలో మాత్రం ఆ కుప్ప మీద రాసిన పేరు చదివి పైసలిచ్చి వస్తాం.

ఇక నఖ్లీ అనే మాట సంగతి. 1970లలో జపాన్ కార్ఖానాలు అమెరికన్ గిటార్లకు నఖలు చేసేవి. 1977లో గిబ్సన్ యజమానులు ఐబనేజ్ గిటార్లు అమ్మేవాళ్ల మీద అమెరికాలో కేసు వేశారు. దేని మీద అనుకున్నారు? గిటార్ తల ఆకారం మీద! వాటి పనితనం తక్కువని కాదు. కేసు రాజీతో ముగిసింది. ఐదేళ్లు తిరగకముందే, 1982లో, ఫెండర్ తానే జపాన్‌లో గిటార్లు చేయించడం మొదలుపెట్టింది. ఎవరిని నఖల్‌చీలు అన్నారో ఆ దేశపు కారీగర్ల దగ్గరికే వెళ్లింది.

పాత గిటార్లకి ఇవాళ పలికే కీమత్‌ని సుబూత్‌గా చూపిస్తారు కొందరు. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ ఇవాళ లక్షల డాలర్లు పలుకుతుంది. కానీ ఆ మూడేళ్లలో రెండు వేలు కూడా అమ్ముడుపోకపోతే కంపెనీయే దాన్ని ఆపేసింది. 1960ల నడిమిన ఎరిక్ క్లాప్టన్ లాంటివాళ్లు చేతిలోకి తీసుకున్నాక దాని కోసం వెతుకులాట మొదలైంది. అదే చెక్క, అవే తీగలు. మారింది జనం మోజు. పైగా ఆ రోజుల్లో వంకరగా తయారైనవి ఎప్పుడో పొయ్యిలోకో చెత్తలోకో పోయాయి. మిగిలిన మంచివాటినే చూసి ఆ జమానా మొత్తానికి సలాం కొడుతున్నాం.

సస్తా ఎలా అయింది మరి? ఇందులో రెండు హిస్సాలున్నాయి. ఒకటి మషీన్ది. నెక్ గాడి, ఫ్రెట్ల చీలికలు, బాడీ ఆకారం ఇప్పుడు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మషీన్ కోస్తుంది. వెయ్యో గిటార్ కూడా మొదటిదానిలాగే వస్తుంది. ఇందులో ఎవరి హఖ్ పోలేదు, ఇది ఇల్మ్ ఇచ్చిన బర్కత్.

రెండో హిస్సా మజ్దూర్ది. దీని గురించి దుకాణందారూ మాట్లాడడు, యూట్యూబ్ ఉస్తాదులూ మాట్లాడరు. జపాన్‌లో ఖర్చు పెరగ్గానే పని కొరియాకి పోయింది, అక్కడ కూలి పెరగ్గానే ఇండోనేషియాకి, చైనాకి పోయింది. ఎన్నో పెద్ద పేర్లకి గిటార్లు చేసిపెట్టిన కొరియా కంపెనీ కోర్ట్, అక్కడ కొత్త కార్ఖానాలు నడుస్తుండగా 2007లో సొంత దేశంలోని మజ్దూర్లను తీసేసి కార్ఖానాలు మూసింది. వాళ్లు 2019 ఏప్రిల్‌లో రాజీ కుదిరేదాకా, పన్నెండేళ్లకు పైగా పోరాడారు. ఆ పోరాటంలోనే ఒక బ్యాండ్ కూడా పెట్టుకున్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న తాలీమ్ మనది. ఆ మజ్దూర్లు ఏ మజహబ్ వాళ్లన్నది ఇక్కడ సవాలే కాదు.

"అయితే సస్తాది కొనడం గునాహా?" అని అడుగుతారు. కాదు. మహంగాది కొంటే ఆ పైసా మజ్దూర్‌కి చేరుతుందన్న గ్యారంటీ ఎక్కడుంది? ఒకే కార్ఖానాలో నాలుగు కంపెనీల పేర్లతో గిటార్లు తయారవుతాయి. నేననేది, చవక మాల్‌ని, దాన్ని చేసిన దేశాన్ని చిన్నచూపు చూడొద్దని. "ఇండోనేషియాదా? డూప్లికేట్" అని ముఖం తిప్పుకుంటున్నామే, లోకంలో అందరికంటే ఎక్కువ మంది ముసల్మాన్లున్న దేశాల్లో ఒకటి అది. ఆ ఫ్రెట్లు నున్నగా రుద్దిన చేతుల హునర్‌ని ఏ సుబూతూ లేకుండా కొట్టిపారేసే హఖ్ మనకెవరిచ్చారు?

కాబట్టి దుకాణానికి వెళ్లినప్పుడు పేరు పక్కన పెట్టి కుప్పలో చెయ్యి పెట్టండి. ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి, మెలి ఉంటే వదిలేయండి. అంచుల వెంట వేళ్లు జరపండి, ఫ్రెట్ కొసలు గీసుకోకూడదు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మోగించండి, జరజరమనే చప్పుడు వస్తే సరిచేసి ఇమ్మనండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనకూడదు, జాక్ వదులుగా ఉండకూడదు. శ్రుతి చేసి పావుగంట వాయించమనండి, నిలిచిందా చూడండి. ఈ ఇంతిహాన్‌లో పాసైన సస్తా గిటార్, ఫెయిలైన మహంగా గిటార్ కంటే మేలు.

ఐబ్ దాచి అమ్మేవాడిని ముఖం మీదే అడగండి. నఖద్‌కి వచ్చేది కొనండి, సూద్‌కి వచ్చేది అక్కడే వదిలేసి రండి. దోస్తుల ముందు పేరు లేని గిటార్ పట్టుకోవడానికి సిగ్గుపడే బిడ్డకి ఈ తవారీఖ్ అంతా కూర్చోబెట్టి చెప్పండి, ఆ మజ్దూర్ల పన్నెండేళ్లతో సహా.