చింతగింజల జిగురు, పుట్టినరోజు ఉట్టి

నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుట్టినరోజును ఏటేటా జరపడం పాత ఆచారమేమీ కాదు. పేరు పెట్టడం, పుట్టువెంట్రుకలు తీయించడం, పలకా బలపం పట్టించి అక్షరాభ్యాసం చేయించడం వంటి వేడుకలు జీవితంలో ఒక్కొక్కసారే వచ్చేవి. వాటికి కావలసినవి ఇంట్లోని గింజల నుంచో, చుట్టాల చేతుల నుంచో సమకూరేవి. పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే, బడిలో చేర్చుకునే అయ్యవారే జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేసిన తరం ఇంకా ఈ ఊళ్లలో ఉంది. ఆ తరం మనవళ్లకు, మనవరాళ్లకు ఇప్పుడు కేకు, బుడగలు, ముఖం మీద నురగ చిమ్మే డబ్బా, వీధి మలుపులో ఫ్లెక్సీ కావలసివస్తున్నాయి.

బిడ్డ పుట్టిన తేదీని గుర్తుంచుకుని ఆ రోజు నలుగురినీ పిలవడం మంచి మార్పే, దానిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. చిక్కంతా ఆ వేడుకలోని ప్రతి వస్తువూ అంగడిలో కొనవలసినదే కావడంలో ఉంది. ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే ఈ మెట్ట సీమలో, వేసిన పంట ఇంటికి వస్తుందన్న నమ్మకం లేక బెంగళూరుకు వలసపోయి కట్టడం పనుల్లో కుదిరిన తల్లిదండ్రులు, పిల్లను అవ్వాతాతల దగ్గర వదిలి వచ్చామన్న బాధతో ఆ ఒక్క సాయంత్రానికి ఎన్నో రోజుల కూలిని ఖర్చు పెడుతున్నారు. కొందరు అప్పు కూడా చేస్తున్నారు. ఆ డబ్బుతో కొన్న వస్తువుల్లో బిడ్డ చెయ్యి పడినది ఒక్కటీ ఉండదు. పిల్లల వేడుకలో అసలు సంతోషం దానిని తయారుచేయడంలోనే సగం తీరుతుంది కాబట్టి, పొదుపు చేసే ఇంటివారు తమ బిడ్డకు ఏదో తక్కువ చేశామని కుంగిపోవలసిన పని లేదు.

అంగడి అలంకరణలో కొంత భాగానికి చట్టం కూడా ఒప్పుకోదు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నిషేధంలో బుడగలకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు పేరుపేరునా ఉన్నాయి. ఇక నురగ డబ్బాలో నురగను బయటికి తోసే వాయువు సాధారణంగా మండే గుణం గలది. వెలిగించిన కొవ్వొత్తుల ఎదుట దానిని చిమ్మడమంటే బిడ్డ జుట్టుకూ బట్టలకూ నిప్పు దగ్గర చేయడమే. ఈ ఒక్క వస్తువును ఎంత చవకగా దొరికినా ఇంటికి తేకూడదు.

దానికి బదులు ఈ సీమలో ఏముంది? మొదట చెప్పవలసినది చింతచెట్టు. హిందూపురం చింతపండు మార్కెట్టుకు పేరున్న ఊరు. ఎండాకాలం మొదట్లో ఇక్కడి పల్లెల్లో ఆడవాళ్లు చింతకాయ కొట్టి, పండు వేరు చేసేటప్పుడు గింజలు గుట్టలుగా మిగులుతాయి. కొండపల్లి బొమ్మల పనివారు అతుకులు పెట్టడానికి వాడే ‘మక్కు’, అంటే రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన ముద్ద, ఈ గింజల బలం మీదనే నిలుస్తుంది. గింజలను వేయించి, పైపొట్టు పోగొట్టి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా ఉడికిస్తే ఇంటిల్లిపాదికీ సరిపడే జిగురు పైసా ఖర్చు లేకుండా తయారవుతుంది.

ఆ జిగురుతో ఉట్టి చేయవచ్చు. కృష్ణాష్టమినాడు కుండను తాడుకు వేలాడదీసి కర్రతో కొట్టే ఆటను తెలుగువారికి చెప్పనక్కరలేదు గాని, మెక్సికో దేశంలో పిల్లల వేడుకలకు ఇలాంటిదే ‘పిన్యాటా’ ఉంది. రంగు కాగితాలు అంటించిన పాత్రలో మిఠాయిలు నింపి, కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు దానిని కొట్టి పగలగొడతారు. అక్కడ కూడా మొదట మట్టికుండే వాడేవారు. మట్టిపెంకులు పిల్లల మీద పడకుండా ఇంట్లో కాగితపు కుండ చేసుకోవడం మేలు. ఒకే కొలత గల రెండు గిన్నెలను బోర్లించి, పైన నూనె రాసి, పాత వార్తాపత్రికను వేలెడు వెడల్పు పేలికలుగా చించి జిగురులో ముంచి నాలుగైదు పొరలు అంటించి, ఎండలో ఆరబెట్టి తీస్తే రెండు చిప్పలు వస్తాయి. వాటిలో బొరుగుల ఉండలు, రేగుపండ్లు, పెన్సిలు ముక్కలు నింపి ఒకదానిపై ఒకటి మూసి అతికిస్తే ఉట్టి సిద్ధం. చించడం, ముంచడం, అంటించడం నాలుగేళ్ల బిడ్డకు కూడా చేతనవుతాయి.

తిండికి వేరుశనగ ఉండనే ఉంది. ఇక్కడివారు చెనిక్కాయలనే ఈ పంటలో కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 వంటి రకాలు రైతులందరికీ తెలిసినవే. విత్తనానికి తీసిపెట్టగా మిగిలిన పలుకులను సన్నని మంట మీద వేయించి, అరచేతులతో నలిపి, చేటతో చెరిగి పొట్టు పోగొట్టాలి. బెల్లం కరిగించి, మట్టి లేకుండా వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టిన పాకాన్ని చల్లని నీళ్లలో ఒక చుక్క వేసి చూడాలి: మొదట అది పలచగా పరుచుకుంటుంది, తరువాత వేళ్ల మధ్య మెత్తని ఉండ అవుతుంది, ఇంకాసేపటికి పళ్లెం అంచుకు కొడితే టంగుమని మోగుతుంది. మోగిన పాకం చిక్కీకి, మెత్తని ఉండ పాకం బొరుగులకు. వేడి పాకం దగ్గరికి పిల్లలను రానివ్వకూడదు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది కనుక వారికి పొడి కొట్టి చేసిన ఉండలే పెట్టాలి. కేకు లేని లోటు కనిపిస్తుందనుకుంటే బొరుగుల ముద్దను గిన్నెలో అదిమి బోర్లించి, దాని మీద దీపం పెట్టవచ్చు.

చీకటి పడ్డాక చేయదగినది తోలుబొమ్మలాట. దీపం ముందు తోలుబొమ్మలను ఆడించి, తెర మీద రంగుల నీడలతో కథ చెప్పే ఈ కళకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నిలయం; ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. పిల్లలకు తోలు అక్కరలేదు. పాత పెళ్లిపత్రికల అట్టను కోతి, ఏనుగు, బస్సు ఆకారాల్లో కత్తిరించి పుల్లకు కట్టి, తెల్ల పంచె వెనుక దీపం పెడితే చాలు. బొమ్మ పంచెకు ఆనుకుంటే నీడ గీత గీసినట్టు వస్తుంది, దీపం వైపు జరిపితే గోడంత పెరిగిపోతుంది. ఈ కిటుకు కనిపెట్టిన బిడ్డ కేరింతకు ఏ అంగడి బొమ్మా సాటిరాదు. రంగు పూసిన పలుచని కాగితానికి వేరుశనగ నూనె రాస్తే వెలుగు దాని గుండా దిగి, నీడకు కూడా రంగు వస్తుంది. ఆట ముగిశాక ఎవరి బొమ్మ వారు ఇంటికి తీసుకుపోతే వేరే కానుకల ఖర్చు ఉండదు.

ఈ పనులు ఒక్క పూటలో తెమిలేవి కావు, వారం ముందే మొదలుపెట్టాలి. అవ్వాతాతలు, పిల్లలు కలిసి అన్నీ పూర్తిచేసినా ఉట్టి చిప్పలు రెండింటినీ మాత్రం అతికించకుండా ఆపి ఉంచాలి. బెంగళూరు నుంచి శనివారం రాత్రి బస్సు దిగే అమ్మానాన్నలు, తెల్లారగానే బిడ్డతో కూర్చుని ఆ అతుకు మీద చివరి పొర అంటిస్తారు. నల్లమాడ ఎండకు అది సాయంత్రానికల్లా ఆరిపోతుంది.