తొలి నీటి వాసన

ట్రోలింగ్ అనే మాట ఇప్పుడు అందరికీ తెలుసు. ఫోన్లో పదిమంది చేరి ఎవరినైనా ఆడిపోసుకోవడాన్ని అలా అంటున్నాం. చేపలు పట్టేవాళ్ల నోట మాత్రం ఆ మాట ఎంతో కాలంగా ఉంది. పడవను నెమ్మదిగా నడుపుతూ, వెనకాల నీళ్లలో గాలాలు ఈడ్చుకుంటూ పోవడమే వాళ్లకు ట్రోలింగ్. అందులో ఎవరి మీదా కోపం ఉండదు. కావలసిందల్లా ఓపిక.

కిందటి ఆగస్టులో మిల్వాకీలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు నాకీ సంగతి తెలిసింది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, "నాయనా, కింగ్ సాల్మన్ పట్టడానికి పోదాం రా" అన్నాడు. పదేళ్ల మనవడు అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముగ్గురం మిషిగన్ సరస్సు మీదికి బయలుదేరాం.

రాయలసీమలో పెద్దమండ్యం పక్క పుట్టిన మాబోటివాళ్లకు నీళ్లంటే చెరువే. కట్ట మీద నిలబడితే అవతలి గట్టున మేకలు కాసేవాడి తలగుడ్డ ఏ రంగో తెలిసిపోతుంది. ఈ సరస్సుకు అవతలి గట్టు కనిపించదు. పొడవు దాదాపు 500 కిలోమీటర్లు, లోతైన చోట 280 మీటర్లు. సముద్రంలా అలలు కొడుతుంది, కానీ ఉప్పు లేదు, అన్నీ మంచినీళ్లే. అన్ని మంచినీళ్లు ఒక్కచోట చూసేసరికి, నడినెత్తిన ఎండలో బోరింగు దగ్గర బిందె పెట్టుకుని వంతు కోసం నిలబడ్డ మా అమ్మ గుర్తొచ్చింది. కాసేపు నోట మాట రాలేదు.

పడవ నడిపే పెద్దాయన చేతులే మాట్లాడుతున్నాయి. గాలానికి ఎర గుచ్చలేదు. దానికి ఒక మెరిసే రేకు కట్టాడు. దాన్ని చెంచా అనే పిలుస్తారు. చూడ్డానికీ పిడి తీసేసిన చెంచాలాగే ఉంది. ఉక్కు తీగకు వేలాడే నాలుగైదు కిలోల గుండుకు గాలపు దారాన్ని క్లిప్పుతో పట్టించి, డెబ్బై అడుగుల కిందికి దించాడు. ఆగస్టులో పైనీళ్లు వెచ్చబడతాయి. కింగ్ సాల్మన్‌కు చల్లదనం కావాలి. పది పన్నెండు డిగ్రీల నీళ్లు ఎంత లోతున ఉంటే అంత లోతుకు దిగిపోతుంది. చెంచా కూడా అక్కడికే దిగి, చిన్న చేప ఈదుతున్నట్టు మెరుస్తూ పోవాలి. పడవ వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు. బరువు బండి లాగే ఎద్దుల నడక అది.

గంటన్నర దాకా ఒక్క చేపా పడలేదు. ఆ గంటన్నరలోనే మావాడు ఎన్నో చెప్పాడు. ఆ దేశం వెళ్లిన మొదటి చలికాలంలో గదిలో ఒంటరిగా ఎలా గడిపాడో, వాళ్లమ్మ పోయిన ఏడాది ఎవరికీ చెప్పకుండా ఎంత ఏడ్చాడో అన్నీ చెప్పాడు. ఫోన్లో "బాగున్నా నాయనా" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే పిల్లవాడు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు, పక్కపక్కన కూర్చుని నీళ్లకేసి చూస్తుంటే వాటంతటవే వస్తాయి. మా నాయన కూడా నాతో మనసు విప్పి మాట్లాడింది చెరువు గట్టునే. బెండు మునుగుతుందేమోనని ఇద్దరం అటే చూస్తూ ఉండేవాళ్లం. ఇంటి అప్పు సంగతి ఆయన మొదటిసారి చెప్పింది అప్పుడే.

టక్కుమని క్లిప్పు ఊడింది. విల్లులా వంగి ఉన్న కర్ర ఒక్కసారిగా నిటారుగా లేచి, అంతలోనే మళ్లీ నీళ్లకేసి వంగిపోయింది. రీలు నుంచి దారం జర్రున పరుగెత్తుతోంది. మనవడు కర్ర పట్టుకున్నాడు. వాడి నడుం చుట్టూ చేతులేసి మావాడు పట్టుకున్నాడు. దగ్గరికి లాగినట్టే లాగనిచ్చి, పడవను చూడగానే అది మళ్లీ లోతుకు దూసుకుపోయేది. ఇరవై నిమిషాల తర్వాత వలలోకి వచ్చింది. వెండి పక్కలు, పచ్చగా నిగనిగలాడే వీపు మీద నల్లటి చుక్కలు. నోరు తెరిస్తే చిగుళ్లు కూడా నలుపే. ఎనిమిది కిలోలు తూగింది.

ఈ చేప ఆ సరస్సులో పుట్టిన జాతి కాదట. దీని సొంత చోటు పసిఫిక్ సముద్రం, అందులో కలిసే నదులు. కాలువల గుండా సరస్సులోకి వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప తినేవాళ్లు లేక లెక్కకు మించి పెరిగిపోయింది. 1967 వేసవిలో చచ్చి ఒడ్డున గుట్టలు గుట్టలుగా పడింది. అంతకు ముందే, దాన్ని తినగల పెద్ద చేప కావాలని హోవర్డ్ టానర్ అనే మత్స్యశాఖ అధికారి పసిఫిక్ తీరం నుంచి సాల్మన్ గుడ్లు తెప్పించారు. 1966లో కోహో సాల్మన్‌ను, 1967లో కింగ్ సాల్మన్‌ను పిల్లలుగా పెంచి వాగుల్లో వదిలారు. అవి సరస్సులోకి వెళ్లి, ఏల్‌వైఫ్‌లను తిని, రాజుల్లా పెరిగాయి.

మన చెరువు చేప సంగతీ ఇంచుమించు ఇంతే. బొచ్చె, రోహు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో సూదిమందుతో వాటిచేత గుడ్లు పెట్టించే దారి కనిపెట్టారు. అప్పటి నుంచే చేపపిల్లలు ఊరూరా చెరువులకు చేరడం తేలికైంది. మా ఊరి చేప అని మనం ప్రేమగా చెప్పుకునేది కూడా ఎక్కడో తొట్టిలో కళ్లు తెరిచి, డబ్బాలో ప్రయాణం చేసి వచ్చిందే.

సాల్మన్ మూడు నాలుగేళ్లకు గుడ్లు పెట్టే వేళ సరస్సు వదిలేస్తుంది. తనను పిల్లగా వదిలిన వాగునే వెతుక్కుంటూ వస్తుంది. విస్కాన్సిన్‌లో స్ట్రాబెరీ క్రీక్ అని ఒక సన్నని వాగు ఉంది. ఏటేటా ఆకులు రాలే కాలంలో కింగ్ సాల్మన్లు అక్కడికి ఎదురీదుకుంటూ వస్తాయి. మత్స్యశాఖవాళ్లు గుడ్లు ఎక్కువగా సేకరించేది అక్కడే. గుడ్లు పెట్టాక ఆ చేప బతకదు.

అంత పెద్ద సరస్సులో దారి ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థర్ హేస్లర్. 1946లో ఆయన తన సొంత రాష్ట్రం యూటాలో కొండ ఎక్కుతుంటే, జలపాతం దగ్గర నాచు, పూల వాసన ముక్కుకు తగిలింది. మరిచిపోయాననుకున్న చిన్ననాటి నేస్తాలు కళ్ల ముందు నిలిచారట. చేపకూ ఇలాగే జరుగుతుందేమోనని ఆయనకు తోచింది. 1970లలో ఆయన బృందం సాల్మన్ పిల్లల తొట్టిలో మార్ఫొలిన్ అనే రసాయనం కొద్దికొద్దిగా కలిపింది. అవి పెద్దవై తిరిగొచ్చే వేళకు ఒక వాగులో అదే వాసన కలిపితే, ఆ వాగులోకే వచ్చాయి. పిల్లగా ఉన్నప్పుడు ఒంటబట్టిన నీటి వాసనే వాటికి దారి చూపింది.

ఇది విన్నాక నా మనసులో ఎన్నాళ్లుగానో ఉన్న చిన్న ముల్లు ఒకటి కదిలింది. "నీది ఏ ఊరు నాయనా?" అని మనవణ్ణి ఎప్పుడడిగినా "మిల్వాకీ, తాతా" అంటాడు. వాడు తప్పు చెప్పడం లేదని తెలుసు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమనేది. గుడ్డు పసిఫిక్ నుంచి వచ్చినా, సరస్సు చేప పసిఫిక్‌ను వెతకదు. తాను ఈత నేర్చిన వాగునే వెతుకుతుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. నా తొలి నీళ్లు చెరువువి. వాడి తొలి నీళ్లు ఆ సరస్సువి. ఇన్నేళ్లూ ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

కొత్తనీరు వచ్చినప్పుడు మా చెరువు వాసన వేరు. తడిసిన ఎర్రమట్టి, కుళ్లిన తుమ్మాకు, మేకల మంద, అన్నీ కలిసిన వాసన. 2021 నవంబరు వానలకు సీమలో ఎన్నో చెరువులు మరవ పారాయి. ఆ నీళ్లకు చేపలు ఎదురెక్కుతుంటే ఆడవాళ్లు, పిల్లలు చీరలు పట్టి ఆపారు. మరవ దగ్గర నిలబడిన నాకు అప్పుడు మళ్లీ పదేళ్లే అనిపించింది. పక్కన మా నాయన ఉన్నట్టే ఉంది. ఫోన్లో ఫొటో పంపొచ్చు, పాట పంపొచ్చు. ఈ వాసనను మాత్రం పంపలేం.

ఆ రాత్రి కోడలు ఆ చేపకు చింతపండు పోసి పులుసు పెట్టింది. రాగి సంగటి కెలికింది. మంచులాంటి నీళ్లలో పెరిగిన రాజుచేప మా అమ్మ వండినట్టే ఘాటుగా ఉడికింది. మనవడు వంటింట్లోకి వచ్చి, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, "తాతా, ఇది మా ఇంటి వాసన" అన్నాడు. నేను వాడి తల నిమిరాను. వాడి తొలి నీళ్లలో మా పొయ్యి మీది పులుసు కూడా కలిసి ఉందని అప్పుడు తెలిసింది.

వాళ్ల పెద్ద సెలవులు జూన్‌లో వస్తాయి. అప్పటికి మా చెరువు నెర్రెలు బారి ఉంటుంది. అందుకే డిసెంబరులో రెండు వారాలు వస్తామని మావాడు అన్నాడు. ఈ ఏడు వానలు కరుణిస్తే అప్పటికి చెరువులో నీళ్లుంటాయి.

నిన్న పొదలు తిరిగి ఒక సన్నని వెదురు కోసుకొచ్చాను. కణుపులు చెక్కి, నూనె రాసి, ఆరడానికి చూరులో పెట్టాను. నా చేతికి అది పొట్టిదే. పదేళ్లవాడికి సరిగ్గా సరిపోతుంది.