సంగీతంలో ఎమ్మే: పాటకూ పుస్తకానికీ నడుమ

సంగీతంలో ఎమ్మే చేశానని చెప్పగానే ఎదుటివారి నోట వెలువడే మాట ఒక్కటే: "అయితే ఏదీ, ఒక పాట పాడండి!" తెలుగులో ఎమ్మే చేసినవాణ్ణి ఆశువుగా పద్యం చెప్పమని ఎవరూ అడగరు. చరిత్రలో ఎమ్మే చేసినవాణ్ణి యుద్ధం చేసి చూపమని అసలే అడగరు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టా అంటే పాటే. ఈ అపోహ బయటివారిదే అయితే నేనీ టపా రాసేవాణ్ణి కాదు. మన విశ్వవిద్యాలయాల్లోని సంగీతశాఖలు చాలావరకు దాన్నే నమ్ముకొని కూర్చున్నాయి. నా గొడవ వాటితోనే.

నేను చదివిన చోటి పేరు అనవసరం. అక్కడ రెండేళ్ళు ఏం జరిగిందో చెబుతాను. ఉదయం గంటసేపు వర్ణాలు, కృతులు. ఆచార్యులు ఒక సంగతి అనేవారు, మేం పదిమందిమి కలిసి తిరిగి అనేవాళ్ళం. పాఠం చెప్పే పద్ధతి గురుకులానిదే. కాని గురుకులంలో శిష్యుడు పదేళ్ళు గురువు నీడలో బతుకుతాడు, ఆయన దగ్గినా ఏ శ్రుతిలో దగ్గాడో గమనిస్తాడు. ఇక్కడ గంట కొట్టగానే లేచి పోవాలి. మధ్యాహ్నం శాస్త్రం. శార్ఙ్గదేవుడి సంగీతరత్నాకరం నుంచి గ్రామాలు, మూర్ఛనలు, వాటి నిర్వచనాలు బట్టీ. పదమూడో శతాబ్దపు ఆ మాటలకూ, గది మూలన గవిసెన కప్పుకొని నిలబడ్డ వీణకూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తరవాత వాగ్గేయకారుల జీవితాలు: జననం, గురువు, ముద్ర, శిష్యులు. ఇరవై మార్కుల ప్రశ్న. రెండేళ్ళ చివర కచేరీ చేయగల గొంతూ రాదు, గ్రంథం చదవగల కన్నూ రాదు.

గొంతు సంగతి వదిలేస్తాను. రెండేళ్ళలో గొంతు తయారవుతుందని ఏ గాయకుడూ ఒప్పుకోడు. కన్ను సంగతే నన్ను బాధిస్తుంది.

సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళదేశం నడిబొడ్డున, తెలుగులో. డెబ్భైరెండు రాగాంగ రాగాలు, వాటి జన్యాలు, ప్రతి రాగానికీ లక్షణం, గీతం, సంచారం. ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండువందలకు పైగా, అన్నీ స్వరాలతో. స్వరాలతో అంటే ఉత్త సరిగమలు కావు. కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, నొక్కు, రవ, ఖండింపు, ఒదుగింపు, ఒరిక, జారు, ఇలా ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు పెట్టి, వీణ మీద అదెలా పలుకుతుందో వివరించి మరీ అచ్చువేయించారు. కర్ణాటక సంగీతం గురించి గత రెండు శతాబ్దాల్లో వచ్చిన పుస్తకాలన్నిటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 మొదలుకొని దీన్ని సంపుటాలుగా తమిళ లిపిలోకి తెచ్చుకుంది. అక్కడి విద్యార్థికి ఆ శ్రమ అవసరమైంది. మన విద్యార్థికి లిపి అడ్డం కాదు, భాష అడ్డం కాదు. ఆ గుర్తులు నేర్చుకుంటే చాలు. మా శాఖలో ఆ పుస్తకం అద్దాల బీరువాలో ఉండేది. అడిగితే చినిగిపోతుందనేవారు. రెండేళ్ళలో మా తరగతిలో ఒక్కరం కూడా అందులోంచి ఒక గీతం చూసి పాడలేదు.

చూసి పాడితే ఏమవుతుంది? ప్రశ్నలు పుడతాయి. ఇరవైరెండో మేళం పేరేమిటని అడిగితే సంగీత విద్యార్థి ఎవరైనా ఖరహరప్రియ అంటాడు. ప్రదర్శినిలో ఆ స్థానం శ్రీరాగానిది. ఖరహరప్రియ పేరుతో అధ్యాయమే లేదు. మరి త్యాగరాజు ఆ రాగంలో అన్ని కృతులు చేశాడంటున్నామే! రెండు సంప్రదాయాలా? పేరు తరవాత అంటిందా? ఈ రాగాన్ని మనం ఇప్పుడు పాడే తీరు ఎప్పటిది? గురువుగారి ముందు కూర్చుని ఇలాంటివి అడగడం మర్యాద కాదు, అడిగితే పాఠం సాగదు. గురుకులం నమ్మకం మీద నడుస్తుంది, నడవాలి కూడా. అనుమానాన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టాల్సిన చోటు విశ్వవిద్యాలయం. అక్కడా అనుమానం లేకపోతే మరెక్కడ?

"సంగీతం గురుముఖతః రావాలి గాని పట్టాలతో వస్తుందా, పినాకపాణి గారికి ఏ సంగీతపట్టా ఉంది, రాళ్ళపల్లి వారికి ఏది ఉంది?" అని గద్దించే పెద్దలున్నారు. నాకు ఇష్టమైన ఉదాహరణలే తెచ్చారు, సంతోషం. శ్రీపాద పినాకపాణి వైద్యశాస్త్ర ఆచార్యులు. రోగులను చూసుకుంటూనే తాను నేర్చిన కృతులను సంగతులతో సహా స్వరపరచి సంగీత సౌరభం సంపుటాలుగా మనకిచ్చారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పినవారు, 1974లో సంగీత కళానిధి అయ్యారు. ఇద్దరూ గురుముఖతః నేర్చినవారే. కాని వారు చేసిన పని కూర్చుకోవడం, పోల్చుకోవడం, రాసిపెట్టడం. సంగీతశాఖ చేయవలసిన పనిని ఒక వైద్యుడూ ఒక తెలుగు పంతులూ చేసిపెట్టారు. ఇది సంగీతశాఖలు అక్కరలేదనడానికి రుజువా, అవి నిద్రపోతున్నాయనడానికి రుజువా?

నిద్రపోని చోట ఏమవుతుందో కూడా చూడవచ్చు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్. సీత తంజావూరు సంగీతచరిత్ర మీద చేసిన పరిశోధన 1981లో పుస్తకమై వచ్చింది. నాయకరాజుల, మరాఠారాజుల ఆస్థానాల్లో పుట్టిన సంగీత గ్రంథాలను వెతికి పట్టుకొని రాసిన పుస్తకం అది. షాహాజీ పేరిట ఉన్న తెలుగు రాగలక్షణము వంటివి సరస్వతీ మహల్ లో ఉన్నాయని నాబోటివాడికి తెలిసింది అలాంటి పుస్తకాల వల్లే. మన దగ్గర వచ్చే సిద్ధాంత గ్రంథాల శీర్షికలు మీరూ చూసే ఉంటారు: "ఫలానావారి జీవితము, కృతులు: ఒక పరిశీలన". లోపల పరిశీలన తప్ప అన్నీ ఉంటాయి.

మరీ విడ్డూరం, అదే ఆవరణలో తెలుగుశాఖ కూడా ఉంటుంది. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరుంది, స్వరం లేదు. పాడి, సాళంగనాట వంటి పేర్లు అక్కడ కనిపిస్తాయి; అవే పేర్లతో సుబ్బరామ దీక్షితులు లక్షణం, సంచారం ఇచ్చారు. నడుమ నాలుగు వందల ఏళ్ళు. ఆ రెంటి మధ్య వంతెన వేయగలమా, వేయకూడదా అన్నది తేల్చాలంటే పాటలోని యతీ పదవిభాగమూ తెలిసినవాడూ, రాగసంచారం తెలిసినవాడూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. తెలుగుశాఖ అన్నమయ్య శృంగారం మీద ఒక పట్టా ఇస్తుంది, సంగీతశాఖ అన్నమయ్య భక్తి మీద ఒక పట్టా ఇస్తుంది. ఇద్దరూ ఒకే క్యాంటీన్లో టీ తాగుతారు.

నిబంధనలు అడ్డమంటారు. యూజీసీ 2018 నిబంధనల్లో పేరున్న గురువు దగ్గర నేర్చిన కళాకారుణ్ణి, ఆకాశవాణి ఏ గ్రేడు వారిని అధ్యాపకులుగా తీసుకునేందుకు దారి ఉంది. పాట నేర్పడానికి అలాంటివారిని పిలవండి, పట్టా కోసం పీడించకండి. పిహెచ్‌డి ఉన్నవారు వారి పక్కన కూర్చుని పుస్తకం విప్పండి. ఉద్యోగాల మాట ఎత్తుతారేమో, ఇప్పటి పాఠ్యక్రమంతో వచ్చే ఉద్యోగాల సంఖ్య నాకు బాగా తెలుసు కనుక ఆ వాదానికి జవాబు చెప్పను.

నేను కోరేది పెద్ద సంస్కరణ కూడా కాదు, పరీక్షలో ఒక్క మార్పు. ఎమ్మే చివరి మౌఖికపరీక్షలో, వచ్చిన కృతి పాడమనడానికి బదులు, ప్రదర్శినిలోంచి విద్యార్థి ఎన్నడూ వినని ఒక గీతం అతని ముందు పెట్టండి. గంట వ్యవధి, చేతికొక తంబురా ఇవ్వండి. గుర్తులు చదువుకొని అతనికి తోచినట్టు పాడనివ్వండి, ఎందుకలా పాడాడో చెప్పనివ్వండి. గొంతు బాగుందో లేదో దయచేసి రాసుకోకండి. ముందుగా ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.