ఫెర్న్ ఆకు వెనక చుక్కలన్నీ పురుగులు కావు

లాల్‌బాగ్ పూలప్రదర్శన అయిందంటే మన బెంగళూరు ఇళ్లలో బాల్కనీకో బోస్టన్ ఫెర్న్ కుండీ వేలాడుతుంది. కొన్నాళ్లకు ఆకు వెనక గోధుమరంగు చుక్కలు కనబడగానే మనవాళ్లు పురుగుమందు సీసా తీస్తున్నారు. అది సరికాదని మా అభిప్రాయం.

చుక్కలు ఆకు అంచుల వెంబడి, సమాన దూరంలో వరుసగా ఉంటే అవి సిద్ధబీజాల గుంపులు. ఫెర్న్‌కు పువ్వూ విత్తనమూ ఉండవు. దాని సంతానం అదే. చెదురుమదురుగా, కాడల మీద కూడా ఉండి, గోటితో గీకితే చిన్న పెంకులా ఊడివస్తే పొలుసు పురుగులు. జిగురు, చీమలు తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి.

పురుగేనని తేలినా తొందర వద్దు. ఫెర్న్ ఆకు సుకుమారం, ఘాటు మందులకూ నూనెలకూ మాడిపోతుంది. కుండీని విడిగా పెట్టి, బాగా పట్టిన ఆకులు కత్తిరించి, మిగతావి తడి దూదితో తుడవాలి. పురుగు మళ్లీ కనబడనంతవరకూ వారం వారం ఇదే పని. సబ్బునీళ్లయినా ముందు ఒక్క ఆకు మీద చల్లి రెండు రోజులు చూడాలి.

పిల్లలు ఆడుకునే, బట్టలు ఆరేసుకునే చోటు మన బాల్కనీ. అక్కడ మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూద్దాం.